చిల్లు లేని బంగారు కుండ

ఏడవ ప్రకరణం

నీలధ్వజపురం కోటకు ఏడు ద్వారాలు. మొదటి ఆరింటికీ ఇనుప గొలుసులూ, కందకాలూ, కొరడాలు పట్టుకున్న భటులూ కాపలా. ఏడవ ద్వారానికి మాత్రం దళవాయి గజకేసరి మీసాలు చాలు. నిమ్మకాయలు నిలబెట్టగల ఆ మీసాలను చూసి, పని ఉన్నవాళ్ళు కూడా ఏం పని మీద వచ్చారో మరిచిపోయి వెనక్కి మళ్ళేవారు. శ్రావణ పౌర్ణమి నాటి ఉదయం వాన వెలిసి, బురుజుల నుంచి ఇంకా చుక్కలు రాలుతుండగా, ఆ మీసాల ఎదుట ఒక గాడిద వచ్చి ఆగింది. గాడిద వెనక తలపాగా చుట్టిన ఒక కొండ తోటమాలి నిలబడ్డాడు. అతడికీ మీసాలున్నాయి గానీ, ఎడమవైపుది కుడివైపు దానికంటే కాస్త కిందికి ఉంది.

“ఏమిటీ మూటలు?” అన్నాడు గజకేసరి.

“నాచు, ఇసక, బొగ్గుముక్కలు, కొబ్బరి పీచు బాబూ. ఆ తిత్తుల్లో వాననీళ్ళు. నా పేరు కొండయ్య. రాణీగోరి మొక్కకి బాగునేదని దండోరా ఏసినారు గదా, ఇని వొచ్చాను.”

“ఆ పెద్ద తొట్టి దేనికి?”

“పాత కుండ సాలటం నేదంట గదా. మార్సాలి మరి.”

దళవాయి ఆ మట్టి తొట్టిలో రెండు బిందెల నీళ్ళు పోయించి, మోకాళ్ళ మీద కూర్చుని అడుగు పరీక్షించాడు. ఆ కోటలోకి పోయే ప్రతి కుండకూ ఈ పరీక్ష తప్పదు. చితి చుట్టూ తిప్పే కుండకే చిల్లు ఉండాలి, బతికున్నవాళ్ళ ఇంట్లోకి చిల్లు కుండ వస్తే ఆ ఇంటి నుంచి పాడె లేస్తుంది అని ఆ రాజ్యంలో గట్టి నమ్మకం. జల్లెడకు వెయ్యి చిల్లులున్నా ఎవరికీ అభ్యంతరం లేదు, కుండకు ఒక్కటుంటే మాత్రం గుండెలు బాదుకుంటారు. అందుకని మల్లె తొట్టి దగ్గర నుంచి మరువం గోలెం దాకా అక్కడ దేనికీ అడుగున కన్నం ఉండదు. వేళ్ళు కుళ్ళి మొక్క చస్తే దాని ఖర్మ అనుకుని ఇంకో మొక్క నాటేవారు.

తొట్టి నుంచి చుక్క కారలేదు. గజకేసరి పక్కకు తప్పుకున్నాడు.

మన దగ్గర దాపరికం దేనికి? ఆ మీసాలు మేక వెంట్రుకలు. పనసపాల జిగురుతో అంటించినవి. ఆ తలపాగా కింద బారెడు జడ ఉంది. వచ్చింది కొండయ్య కాదు, మన్నుగుంటల పల్లె కుమ్మరి నూకన్న కూతురు పైడి. ఇరవై రోజుల క్రితం నూకన్న రాణిగారి మొక్క కోసం పెద్ద తొట్టి ఒకటి తెచ్చాడు. లోపలికి వచ్చాక, మొక్క బతకాలంటే నీరు దిగాలని చెప్పి, అందరూ చూస్తుండగానే దాని అడుగున కన్నం పొడిచాడు. రాజవైద్యుడు అపశకునమని అరిచాడు. తెల్లారేసరికి రాకుమారుణ్ణి ఆ మొక్క మింగేసింది. ఇంకేం కావాలి? నూకన్నను పాతాళగృహంలో పడేశారు, కుమ్మరివాళ్ళెవరూ కోట గడప తొక్కకూడదని చాటించారు. ఈ రోజు మధ్యాహ్నం నగారా మూడు దెబ్బలు మోగగానే అతణ్ణి ఏనుగు కాళ్ళ కింద వేస్తారు.

పైడికి తల్లి లేదు. సారె తిప్పడం, మన్ను నాలుక మీద వేసుకుని రుచి చూడటం, కాలిన కుండను వేలితో కొట్టి దాని జబ్బు చెప్పడం, అన్నీ తండ్రి నేర్పినవే. ఆ తండ్రి కోసమే ఆమె ఈ వేషం కట్టింది. నగారాకు ఇంకా ఒక్క జాము వ్యవధే ఉంది.

రాణి సుగంధినీదేవి మందిరం చూసేసరికి పైడి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. నలభై స్తంభాలు, ప్రతి స్తంభానికీ పగడాల తీగలు, పైన ఏడు రంగుల గాజు పలకలు పొదిగిన గవాక్షాలు. వాటి గుండా దిగిన ఎండ పాలరాతి నేల మీద ఇంద్రధనుస్సు ముక్కల్లా పరుచుకుంది. ఆ రంగుల నడుమ బంగారు కుండలో నిలబడి ఉంది రాణిగారి మొక్క కబళిని. రెండు నిలువుల ఎత్తు. ఒక్కొక్క ఆకూ పడవ తెడ్డంత. ఆకు కొస నుంచి సన్నటి తీగ, తీగ కొసన కూజా, కూజా అంచున ఎర్రటి పెదవి, పెదవి మీద చిన్న మూత. అలాంటి కూజాలు పాతిక దాకా వేలాడుతున్నాయి. ఒక తుమ్మెద వచ్చి పెదవి మీద వాలింది, తేనె నాకింది, కాలు జారింది. మూత మెల్లగా వాలింది.

“అబ్బ, ఎంత సక్కగా తింటన్నాది,” అంది పైడి, కొండయ్య గొంతు మరిచిపోయి. వెంటనే దగ్గింది.

మొక్క పక్కన పీట మీద కూర్చున్న రాణి తలెత్తింది. భర్త పోయి రెండేళ్ళు. ఉన్న ఒక్క కొడుకు వజ్రకేతు ఈ మొక్క వాసన ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకుందామని అన్నిటికంటే పెద్ద కూజాలోకి ముక్కు పెట్టి, చూస్తుండగానే బొటనవేలంత అయి లోపల పడిపోయాడు. కూజా గోడ పలచన. వెలుగులో పెడితే లోపల నిలబడి చేతులూపుతున్న చిన్న నీడ కనిపిస్తుంది. కూజా కోస్తే లోపలివాడు చస్తాడని రాజవైద్యుడు చెప్పాడు కనుక ఎవరూ కత్తి పెట్టలేదు. రాణి ఇరవై రోజులుగా ఆ నీడను చూస్తూ, బంగారు గరిటెతో కూజాకు తినిపిస్తూ కూర్చుంది.

“నువ్వేనా తోటమాలివి? ఆకులు పండిపోతున్నాయి. ఏం చేస్తావో చెయ్యి. నా బిడ్డ అందులో ఉన్నాడు,” అంది రాణి.

“ముందు ఏటి పెడతన్నారో సెప్పండి అమ్మగోరూ.”

జవాబు రాణి వెనక నుంచి వచ్చింది. రాజవైద్యుడు కాలకంఠుడు. ఆరు నెలల క్రితం ఏదో ఓడలో ఈ మొక్క కానుకగా వచ్చిన వారానికే కొలువులో చేరాడు. అరవై దాటాయని చెప్పుకుంటాడు గానీ బుగ్గలు పెళ్ళికొడుకు బుగ్గల్లా నిగనిగలాడుతుంటాయి. “ఉదయం వెన్న తీయని పాలు. మధ్యాహ్నం లేత మేకమాంసం కైమా. సాయంత్రం నెయ్యి కలిపిన పెరుగన్నం. కుండలో గోశాల ఎరువు, రోజుకు మూడు బిందెల బావినీళ్ళు. రాకుమారుడు ఆకలితో అలమటిస్తున్నాడు. దివ్యశ్రవణంతో నేను విన్నాను,” అన్నాడతడు.

పైడి కుండ దగ్గర చతికిలబడి చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుంది. ముఖం వికారంగా పెట్టింది.

“ఉప్పు కషాయం నాగుంది. అమ్మగోరూ, మా కొండ మీద బంకమన్ను తవ్వే గుంటలున్నాయి. అక్కడ దీని సెల్లెళ్ళు మొలుస్తాయి, బెత్తెడేసి. ఆ నేలలో గరిక కూడా పుట్టదు. అంత సారం నేని నేల. మన్నులో తిండి నేకే గదా అది ఈగల్ని పట్టుకోడం నేర్సింది. ఎరువేసి, బావినీళ్ళు పోసి దాని ఏళ్ళు కాల్సేసినారు. దీనికి సిన్న కుండ సాలదు. పెద్ద కుండలో నాచు, ఇసక, పీచు కావాలి. వాననీళ్ళు కావాలి. తిండి అదే ఎతుక్కుంటాది.”

“తల్లిని బిడ్డ నోటి దగ్గర కూడు తీసెయ్యమంటున్నాడు,” అన్నాడు కాలకంఠుడు రాణితో, మెల్లగా.

రాణి గరిటె వదల్లేదు. ఇరవై రోజులుగా ఆమె బతికిందే ఆ గరిటె పట్టుకుని. పైడికి అది అర్థమైంది. వాదిస్తే లాభం లేదని మూటలోంచి విరిగిన కుండ మెడ ఒకటి తీసింది. బట్టీలోంచి తీసిన కుండలో కనిపించని బీట ఉందో లేదో తెలుసుకోవడానికి కుమ్మర్లు దాన్ని కుండకు ఆనించి రెండో కొసన చెవి పెడతారు. దాన్ని పెద్ద కూజాకు ఆనించి విన్నది. విని, రాణి చేతికిచ్చింది.

రాణి చెవి పెట్టింది. దోమ గొంతంత చిన్నగా, కానీ స్పష్టంగా వినబడింది.

“... అమ్మా, కైమా ఆపించు. నీకు దండం పెడతాను. ముక్క పడినప్పుడల్లా ఈ పులుపు రసం పైకి ఊరుతోంది. నడుం దాకా ఉండేది, గడ్డం దాకా వచ్చింది. మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాను. ఎవరైనా వింటున్నారా, కైమా ఆపించండి...”

గరిటె రాణి చేతిలోంచి జారి నేల మీద పడింది. తన చేత్తో తానే బిడ్డను ముంచుతున్నానని తెలిసిన తల్లి ముఖం ఎలా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు. ఆమె ఇంకా వినేలోపే కాలకంఠుడు ముందుకు దూకి కుండ మెడను లాక్కుని స్తంభానికేసి కొట్టాడు.

“మాయ. ఇదంతా మాయ మహారాణీ. వీడెవడో కనిపెట్టండి ముందు.”

ఆ పని కబళినే చేసింది. రాకుమారుడి మాట మళ్ళీ వినబడుతుందేమోనని పైడి ముఖం దగ్గరగా పెట్టింది. తీగ ఒకటి సర్రున వచ్చి ఆమె మీసానికి చుట్టుకుంది. ఆమె కెవ్వుమని వెనక్కి లాగేసరికి మీసం రెండు పాయలూ ఊడి పక్క కూజాలో పడ్డాయి. తలపాగా వీడి జడ కిందికి జారింది. మూత వాల్చుకున్న కూజా ఒక్క క్షణం ఆలోచించి, మేక వెంట్రుకలు నచ్చక, మీసాన్ని తిరిగి బయటికి ఉమ్మింది.

భటులు కత్తులు దూశారు. “ఎవరు నువ్వు?” అంది రాణి.

“నూకన్న కూతుర్నమ్మా. పైడిని. మా అయ్య కోసం వొచ్చాను. అబద్ధమాడితే గానీ లోనికి రానివ్వరని ఏసం కట్టినాను. తప్పే. తల తీసినా సరే గానీ, ఒక్క ప్రశ్న అడగనివ్వండి.”

“అడగనక్కరలేదు,” అన్నాడు కాలకంఠుడు. “అడుగు,” అంది రాణి.

“ఈ బంగారు కుండకి సిల్లుందా?”

“నా మందిరంలో చిల్లు కుండా?”

“నేదు గదా. మూతి దాకా మన్నుంది. రోజుకి మూడు బిందెల నీళ్ళు పోస్తన్నారు. ఇరవై రోజులకి అరవై బిందెలు. కుండలో పట్టేది రెండు బిందెలే. పొంగి పొర్లనేదు. ఆకులు సూస్తే ఎండుతున్నాయి, అంటే మొక్క తాగటం నేదు. మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడికెలతన్నాయి?”

మందిరంలో అందరూ కుండ వంక చూశారు. రోజూ మూడు బిందెలు మోసుకొచ్చే దాసీ అయితే నోటి మీద చెయ్యి వేసుకుంది. మోసింది తను, తనకెందుకు తోచలేదా అని.

పైడి వేలు మడిచి బంగారు కుండను పైనుంచి కిందికి కొడుతూ వచ్చింది. దబ్, దబ్, దబ్. అడుగున మాత్రం ఖణేల్మంది. “ఇక్కడ మన్ను నేదు. బోలు. ఎత్తి సూద్దారి,” అందామె.

“ఎత్తితే మొక్క చస్తుంది. మొక్క చస్తే రాకుమారుడు చస్తాడు,” అన్నాడు కాలకంఠుడు. కుండకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

రాణి లేచింది. “ఎత్తితే ఏ కుండలో పెడతావు?”

“ఈ తొట్టిలో. దీనికి అడుగున కన్నం పెట్టాలి. మీ దగ్గర దాసను.”

రాణి ఒక అడుగు వెనక్కి వేసింది. “రెండేళ్ళ క్రితం నా బిడ్డ భుజాన అలాంటి కుండ చూశాను. దాంట్లోంచి నీళ్ళు కారుతుంటే తండ్రి చితి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆ ధార చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నువ్వు మళ్ళీ అదే కుండ తెచ్చి, అందులో నా బిడ్డను పెడతానంటున్నావు.”

పైడికి నిజమే కదా అనిపించింది. “ముందు పాత కుండ ఎత్తండమ్మా. ఎత్తినాక మీరెలాగంటే అలాగే,” అంది.

రాణి తల ఊపింది.

ఎనిమిది మంది భటులు కుండకు తాళ్ళు కట్టారు. కబళిని ఊరుకుంటుందా? తీగలన్నీ ఒక్కసారి కొరడాల్లా లేచాయి. ఒకడి శిరస్త్రాణం ఎగిరిపోయి గవాక్షానికి తగిలింది, రంగు గాజు జలజల రాలింది. ఇంకొకడి చెయ్యి మోచేతి దాకా కూజాలో ఇరుక్కుంది. “కూజాల్ని ముట్టుకోకండి. ముట్టుకున్నకొద్దీ మూసుకుంటాది. కాండం కాడ పట్టండి,” అని అరుస్తూ పైడి వాననీళ్ళ తిత్తి విప్పి ఆకుల మీద చిలకరించింది. నీళ్ళు పడిన తీగలు ఒక్కొక్కటే చల్లబడి వాలిపోయాయి. అసలు వాన ఎలా ఉంటుందో ఆ మొక్క ఆరు నెలలుగా ఎరగదు.

అప్పుడే కోట బురుజున నగారా మీద మొదటి దెబ్బ పడింది.

“మధ్యాహ్నమయింది. దళవాయీ, ఏనుగును వదలమను,” అన్నాడు కాలకంఠుడు. గజకేసరి రాణి వంక చూశాడు. రాణి కుండ వంక చూస్తోంది. రెండో దెబ్బ పడింది. పైడి తాడు భుజానికి చుట్టుకుని భటులతో పాటు తనూ లాగింది. చేతులు చీరుకుపోయాయి. అయ్య, అయ్య, అయ్య అని ప్రతి లాగుకీ లోపల అనుకుంటోంది. కుండ ఒక పక్కకు ఒరిగింది.

బంగారు అడుగున మనిషి తల పట్టేంత కన్నం ఉంది. దాంట్లోంచి భుజమంత లావు వేరు ఒకటి బయటికొచ్చి, కింద పాలరాతి పలకను తొలుచుకుని చీకట్లోకి దిగిపోయింది. పలక కింద నుయ్యిలా లోతు. వేరు పాములా కదులుతూ గుటకలు వేస్తోంది. గుటక గుటకకీ లోపలి నుంచి మీగడ వాసన, నెయ్యి వాసన, మాంసం వాసన కిందికి పోతున్నాయి.

“పెట్టిందంతా ఇటెలతంది,” అంది పైడి.

రాణి కన్నం మీదికి వంగి చూసింది. “అయితే ఇన్నాళ్ళూ నా మందిరంలో చిల్లు కుండే ఉంది,” అంది నెమ్మదిగా. “నూకన్న తేకముందు నుంచీ ఉంది. గజకేసరీ, పరుగెత్తు. నూకన్నను ఇక్కడికి తీసుకురా.”

దళవాయి మీసాలు గాలికి ఎగురుతుండగా పరుగెత్తాడు. మూడో దెబ్బ పడలేదు.

పైడి మొలలోంచి సన్నటి దారం తీసింది. సారె మీద తిరిగే కుండను అడుగున కోసే కుమ్మరి దారం అది. దాన్ని వేరు చుట్టూ వేసి, రెండు కొసలూ పట్టి, పచ్చి మన్నును కోసినట్టే ఒక్క లాగు లాగింది. వేరు తెగింది. తెగిన ముక్క లోతులోకి జారింది.

కాలకంఠుడు కుప్పకూలాడు. నిగనిగలాడే బుగ్గలు చూస్తుండగానే ముడతలు పడి వేలాడాయి, పళ్ళు మూడు రాలాయి, నల్లటి గడ్డం నెరిసి మోకాళ్ళ దాకా పెరిగింది. అరవయ్యేళ్ళు కాదు, ఆరువందల ఏళ్ళ ముసలివాడు నేల మీద పాకుతున్నాడు. భటులు మీద పడేలోపు బల్లిలా గోతి అంచు దాకా పోయి తలకిందులుగా లోపలికి జారిపోయాడు. రాణి తినిపించిన పాలూ పెరుగూ ఇన్నాళ్ళూ ఎవరి ఒంటికి పట్టాయో వేరే చెప్పాలా?

అతణ్ణి తరమడానికి సమయం లేదు. వేరు తెగిన కబళిని ఆకులు ముడుచుకుపోతోంది. పెద్ద కూజా గోధుమరంగుకు తిరుగుతోంది. పైడి చకచకా మూటలు విప్పి, తొట్టిలో బొగ్గుముక్కలు పరచబోయి, ఆగింది. తొట్టిని రాణి ముందు బోర్లించింది. అడుగు మధ్యలో బొటనవేలు నొక్కిన గుర్తు ఉంది. అక్కడ మట్టి కోడిగుడ్డు పెంకంత పలచన. నూకన్న పద్ధతి అది. అందుకే గుమ్మం దగ్గర నీళ్ళు కారలేదు.

“మేకు పెట్టి ఒక్క దెబ్బేస్తే సాలు. మీరు ఒద్దంటే నాను ముట్టను,” అంది పైడి.

రాణి సుగంధినీదేవి నేల మీద కూర్చుంది. మేకు తీసుకుంది.  కళ్ళ నీళ్ళు తొట్టి మీద పడ్డాయి, తుడుచుకోలేదు. మేకు గుర్తు మీద పెట్టి, గరిటె తిరగేసి కొట్టింది. పెంకు లోపలికి రాలి, గుండ్రటి కన్నం పడింది.

తొట్టిలో బొగ్గుముక్కలు పరిచి, పైన పీచు, ఇసక, నాచు కలిపి నింపి, కబళినిని వేళ్ళకు దెబ్బ తగలకుండా దింపారు. వాననీళ్ళు పోశారు. నీళ్ళు మట్టిలోకి దిగి, కన్నంలోంచి ధారగా కారాయి. రాణి ఆ చప్పుడు విన్నది. చెవులు మూసుకోలేదు.

అప్పుడు పెద్ద కూజా ఎండి, తీగ నుంచి ఊడి, పక్కకు ఒరిగింది. రసం నేలపాలైంది. ఆ రసంతో పాటు బొటనవేలంత రాకుమారుడు పట్టుబట్టలతో సహా జర్రున జారి పైడి అరచేతిలో పడ్డాడు. “మీసాలాయన ఏడి? ఆయనే నా మాట విన్నాడు,” అన్నాడు మొదటిగా. పైడి నవ్వింది. ఏడుస్తూ నవ్వింది.

రాణి కొడుకును వేలితో తడిమింది. “నువ్వింకా ఇంతే ఉన్నావేమిరా నాయనా?”

“ఈ మొక్క కొత్త కూజా తొడిగేదాకా ఇంతేనమ్మా. ఆ వైద్యుడు నువ్వు నిద్రపోయినప్పుడు కూజా పక్కన కూర్చుని మంత్ర సాధన చేసుకునేవాడు. అన్నీ విన్నాను. ఇది పిల్ల మొక్కేనట. దీని తల్లి కింద ఎక్కడో ఉందట. దానికీ కుండ చాలడం లేదు, బీటలు వారుతోంది. బద్దలైతే వాడు చస్తాడు. కొత్త కుండ చేయడానికి నికార్సైన కుమ్మరి కావాలి. ఏనుగు శిక్ష పైకి నాటకమే. అందుకే...”

రాకుమారుడు మాట పూర్తి చేయలేదు. గజకేసరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పరుగెత్తి వచ్చి రొప్పుతున్నాడు. వెనక ఎవరూ లేరు.

“మహారాణీ, నూకన్న గది ఖాళీ. తలుపు తాళం వేసినట్టే ఉంది. సంకెళ్ళు ఉన్నాయి. నేల మధ్య గొయ్యి ఉంది, అంచున మొక్క వేళ్ళు పాకిన జాడలున్నాయి. ఆ గదిలోనే పెట్టమని వైద్యుడే ఏరికోరి చెప్పాడు. గోతి పక్కన ఇది దొరికింది.”

చెయ్యి చాపాడు. అందులో నిమ్మకాయంత చిన్న కుండ ఉంది. చెరసాల నేల మన్నుతో చేత్తో చేసింది. అడుగున బొటనవేలు వేసిన కన్నం.

పైడి తీసుకుంది. తన బొటనవేలు ఆ కన్నంలో పెట్టి చూసింది. మట్టి ఇంకా తడిగా ఉంది. వేలికి అంటుకుంది.

“ఇప్పుడే ఎలినాడు మా అయ్య,” అంది. తాడు తీసి ఒక కొస స్తంభానికి, ఇంకో కొస నడుముకు కట్టుకోవడం మొదలుపెట్టింది.

“నేనూ వస్తాను. వాడి మంత్రాలు నాకొక్కడికే తెలుసు. పైగా ఆ తల్లి మొక్క ఎంత ఉంటుందో చూడాలి,” అన్నాడు వజ్రకేతు. ఇరవై రోజులు కూజాలో నానినా ఆ తెలుసుకోవాలనే గుణం మాత్రం తగ్గలేదు.

“అమ్మగోరూ, వాననీళ్ళే పొయ్యండి. ఎరువొద్దు. తిండి పెట్టొద్దు, ఎంత జాలేసినా సరే. కొత్త కూజా తొడగ్గానే బాబు పెద్దోడవుతాడు,” అంది పైడి. ఆ మాట అంటూనే రాకుమారుణ్ణి నేల మీద దింపబోయింది.

రాణి ఆమె చెయ్యి పట్టుకుంది. కొడుకును రెండు వేళ్ళతో ఎత్తి, నూకన్న చేసిన ఆ చిన్న చిల్లు కుండలో తన చేతుల్తోనే కూర్చోబెట్టింది. తన పైట అంచు చించి కుండకు కట్టి, పైడి మెడలో వేసింది. “తండ్రిని తెచ్చుకో. నా బిడ్డను నాకు తెచ్చివ్వు,” అంది. మళ్ళీ వెళ్ళి కొత్త తొట్టి పక్కన కూర్చుంది, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని.

పైడి పాలరాతి పలక కింది గోతిలోకి దిగింది. పది నిలువులు దిగేసరికి పైన రంగుల వెలుగు నాణెమంత అయింది. గోడలు చల్లగా, జిగురుగా తగులుతున్నాయి. కింద ఎక్కడో ఏదో పెద్దది నిద్రలో మూత మూసి తెరిచినట్టు చప్పుడు. తాడు అయిపోయింది. కాళ్ళ కింద ఏముందో ఆమెకు కనిపించడం లేదు.

ఆమె గుండెల మీద వేలాడుతున్న చిన్న కుండలో, అడుగున ఉన్న కన్నానికి కన్ను ఆనించి రాకుమారుడు కిందికి చూస్తున్నాడు.

“పైడీ, ఎడమ వైపు గోడ మీద బొటనవేలి గుర్తు ఉంది. దాని కింద ఇంకొకటి. అలా కిందికి వరసగా ఉన్నాయి,” అన్నాడు.

పైడి గోడ జిగురుమన్నులో కాలివేళ్ళు దింపి పట్టు చూసుకుని, నడుముకున్న ముడి విప్పింది.